తొమ్మిదో వంతు అబద్ధం

సంక్రాంతి మూడు రోజులూ మా తాతగారింటి అరుగు మీద మూడు ముక్కలాట నడిచేది. ఎవరి ముక్కలు కనబడినా నోరు మెదపకూడదన్న షరతు మీద పిల్లల్ని వెనక నిలబడనిచ్చేవారు. వరసకి మామయ్య ఒకాయన ఉండేవాడు, బ్లఫ్ కొట్టడంలో పేరు పడ్డ మనిషి. చేతిలో ఏమీ లేకపోయినా పందెం రెట్టించి, మంచి ముక్కలున్నవాడి చేత కూడా ప్యాక్ చేయించేవాడు. అదంతా గుండె ధైర్యమనీ, ముఖంలో నరం కదలనివ్వని నిబ్బరమనీ అనుకునేవాళ్లం. చాలా ఏళ్ల తర్వాత పోకర్ గురించి చదువుతుంటే ఒక ప్రశ్న దగ్గర ఆగిపోయాను. బ్లఫ్ కొట్టాలంటే ఎలాంటి ముక్కలతో కొట్టాలి? ఓ మోస్తరు ముక్కలతోనా, మరీ చెత్త ముక్కలతోనా?

మోస్తరు ముక్కలతోనే అని నాకు తోచింది. ఎదుటివాడు షో అడిగినా గెలిచే ఆశ కాస్త మిగులుతుంది కదా. సరైన జవాబు అది కాదు. బ్లఫ్ కొట్టాల్సింది అన్నిటికన్నా అధ్వాన్నమైన ముక్కలతో. పైగా ఎన్నిసార్లు కొట్టాలో కూడా లెక్కుంది. ఆ లెక్క కట్టినవాడు పేకాట బల్ల దగ్గర పెద్ద ఆటగాడేం కాదు. బుడాపెస్ట్‌లో 1903లో పుట్టిన గణితవేత్త, జాన్ వాన్ నాయ్‌మన్.

ఆటలో లెక్క ఉందని మనవాళ్లకి ఎప్పుడో తెలుసు. నలోపాఖ్యానంలో ఋతుపర్ణుడు తాండ్ర చెట్టు కొమ్మ చూసి ఆకులెన్నో కాయలెన్నో చెప్పేస్తాడు. నలుడికి అక్షహృదయం అనే పాచికల విద్య ఉపదేశిస్తాడు. ఫ్రాన్స్‌లో పాస్కల్, ఫెర్మా 1654లో ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుని పందేల లెక్కని కాగితం మీదికి తెచ్చారు. అయితే అదంతా పాచిక లెక్క. పాచికకి మనసు ఉండదు. పేక పట్టుకుని ఎదురుగా కూర్చున్న మనిషికి ఉంటుంది. నేనేం చేస్తానో అతను ఊహిస్తాడు, అతను ఏం ఊహిస్తాడో నేను ఊహిస్తాను. ఈ ఊహల మెలికని విప్పే గణితం ఇరవయ్యో శతాబ్దం దాకా లేదు.

మొదట చెయ్యి పెట్టినవాడు ఫ్రెంచి గణితవేత్త ఎమిల్ బొరెల్. 1921 నుంచి ఆయన ఇలాంటి ఆటల మీద చిన్న చిన్న వ్యాసాలు రాశాడు. ఆయనకి తట్టిన విషయం మన పిల్లల సరి–బేసి ఆటలో ఉంది. గుప్పిట్లో చింతగింజలు దాచి సరా బేసా అని అడుగుతాం. రెండుసార్లు సరి, ఒకసారి బేసి అని మనసులో ఏ వరస పెట్టుకున్నా చురుకైన పిల్ల నాలుగు ఆటల్లో పట్టేస్తుంది. చూడకుండా గింజలు తీసి గుప్పిట మూసినవాణ్ణి మాత్రం ఎవరూ పట్టలేరు, ఎందుకంటే అతనికే తెలియదు. ఎత్తుల్ని అలా అదృష్టం చేతిలో పెట్టి కలపడం కూడా ఒక ఎత్తేనని బొరెల్ గ్రహించాడు. కాకపోతే ఆటలో దారులు పెరిగేకొద్దీ ఇది నిలబడుతుందా అని ఆయనకే అనుమానం.

1926 డిసెంబర్ 7న జర్మనీలోని గోటింగెన్ గణిత సమాజంలో, ఇరవై మూడేళ్లు ఇంకా నిండని నాయ్‌మన్ ఆ అనుమానం తీర్చాడు. 1928లో అది వ్యాసంగా అచ్చయింది. ఇద్దరు ఆడే ఆటలో ఒకరి లాభం మరొకరి నష్టం అయినప్పుడు, దారులు ఎన్ని ఉన్నా సరే, ఇద్దరికీ ఒక కాపుదల పద్ధతి ఉండి తీరుతుందని నిరూపించాడు. ఆ పద్ధతిని ఎదుటివాడికి ముందే చెప్పేసినా నష్టం లేదు. అతను దాన్ని వాడుకుని మనల్ని దెబ్బ తీయలేడు. ఈ మాట చదివిన రోజు నేను పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. నా గుట్టు మొత్తం విప్పి చెప్పినా నన్ను మోసం చేయలేని ఆట ఉంటుందా అని.

చదరంగం ఆయన దృష్టిలో అసలు ఆటే కాదు. జేకబ్ బ్రొనోవ్‌స్కీ అనే శాస్త్రవేత్త లండన్ టాక్సీలో ఆయనతో వెళ్తూ, మీరు చెప్పే ఆటలంటే చదరంగం లాంటివేనా అని అడిగాడట. కాదన్నాడు నాయ్‌మన్. చదరంగంలో అంతా కళ్లెదుటే ఉంది, కూర్చుని లెక్క వేస్తే సరైన ఎత్తు దొరుకుతుంది. జీవితం అలా ఉండదు. దాచడం, బుకాయించడం, వాడేమనుకుంటున్నాడో కనిపెట్టడం, ఇవన్నీ ఉండేదే ఆట. అలాంటి ఆట ఆయనకి పోకర్‌లో కనిపించింది.

1944లో ఆస్కర్ మోర్గెన్‌స్టెర్న్‌తో కలిసి ప్రిన్స్‌టన్ నుంచి తెచ్చిన పెద్ద గ్రంథంలో పోకర్‌కి ఒక విభాగమే ఇచ్చాడు. పేక మొత్తం తీసుకుంటే లెక్క తెగదు కాబట్టి ఆటని ఎముక దాకా చెక్కేశాడు. ఆ ఆట రూపాల్లో ఒకదాన్ని సులువైన అంకెలతో చెబుతాను. ఇద్దరే ఆటగాళ్లు. ఒక్కొక్కరికి 0కీ 1కీ మధ్య ఏదో ఒక సంఖ్య వస్తుంది, పెద్ద సంఖ్యది గెలుపు. చెరో రూపాయి మధ్యలో వేశారు. మొదటివాడు రెండు రూపాయల పందెం కాయవచ్చు, లేదా ఊరుకోవచ్చు. ఊరుకుంటే వెంటనే షో. పందెం కాస్తే రెండోవాడు తనూ రెండు రూపాయలు వేసి షో అడగాలి, లేదంటే ప్యాక్ చేయాలి.

మొదటివాడికి రాగల సంఖ్యల్ని కింద నుంచి పైకి తొమ్మిది సమానమైన మెట్లుగా పేర్చండి. పై రెండు మెట్ల మీద ఉంటే పందెం కాయాలి, ఇందులో వింత లేదు. మధ్య ఆరు మెట్ల మీద ఉంటే ఊరుకోవాలి. అన్నిటికన్నా కింది మెట్టు మీద ఉంటే మళ్లీ పందెం కాయాలి! రెండోవాడు పై నాలుగు మెట్ల మీద ఉంటేనే షో అడగాలి.

అంటే మొదటివాడు కాసే ప్రతి మూడు పందేల్లో రెండు నిజం, ఒకటి అబద్ధం. రెండోవాడి వైపు నుంచి చూడండి. షో అడగడానికి వేయాల్సింది రెండు రూపాయలు, గెలిస్తే దక్కేది నాలుగు. మూడింట ఒకసారి అబద్ధం పట్టుకుంటే నాలుగు వస్తాయి, మిగతా రెండుసార్లూ రెండేసి పోతాయి. వచ్చిందీ పోయిందీ సమానం. అతనికి ఏ వైపూ మొగ్గు లేదు. ఇప్పుడు మొదటివాడు అబద్ధాలు పెంచాడనుకోండి, రెండోవాడు ప్రతిసారీ షో అడిగి దండుకుంటాడు. తగ్గించాడనుకోండి, పందెం పడగానే రెండోవాడు ముక్కలు పడేస్తాడు, ఇక మంచి ముక్కలకి డబ్బు రాదు. ఆ తొమ్మిదో వంతు అబద్ధం ఉన్నందుకే పై మెట్ల నిజానికి ఖరీదు కట్టేవాడు దొరుకుతున్నాడు. సగటున తొమ్మిది ఆటలకి ఒక రూపాయి మొదటివాడికి మిగులుతుంది.

మోస్తరు ముక్కలు ఎందుకు పనికిరావో కూడా ఇందులోనే ఉంది. వాటితో పందెం కాస్తే మనకన్నా తక్కువ ముక్కలవాళ్లు చాలామటుకు పారిపోతారు, ఎక్కువ ముక్కలవాళ్లు నిలబడతారు. ఊరుకుంటే మాత్రం ఆ ముక్కలకున్న కాస్త విలువా షోలో దక్కుతుంది. అడుగు మెట్టు ముక్కకి ఊరుకుంటే దక్కేది దాదాపు ఏమీ లేదు, అందుకే దాన్ని అబద్ధానికి వాడుకోవచ్చు. ఇంకో సంగతి. ఈ పద్ధతిలో కొట్టిన బ్లఫ్ తొమ్మిదింట నాలుగుసార్లు పట్టుబడుతుంది, అంటే సగానికి కాస్త తక్కువ. మా మామయ్య ఎప్పుడైనా పట్టుబడితే అరుగంతా గొల్లున నవ్వేది, ఆయన తల దించుకునేవాడు. లెక్క ప్రకారం ఆయన సిగ్గుపడాల్సిన పని లేదు. ఎప్పుడూ పట్టుబడనివాడు తగినన్ని బ్లఫ్‌లు కొట్టడం లేదన్నమాట.

1950లో ప్రిన్స్‌టన్‌లోనే హెరాల్డ్ కూన్ ఈ ఆటని ఇంకా కుదించాడు. పేకలో మూడే ముక్కలు, జాకీ, రాణి, రాజు. ఇద్దరికీ చెరొకటి పంచి, మూడోది బోర్లా పెట్టేస్తారు. చెరో రూపాయి వేసి, ఒక రూపాయి పందెం. ఇంట్లో ఎవరైనా ఆడి చూడవచ్చు, నేను చింతగింజలతో పిల్లల చేత ఆడించాను. మొదటివాడు ఊరుకున్నప్పుడు రెండోవాడి చేతిలో జాకీ ఉంటే మూడింట ఒకసారి బ్లఫ్ కొట్టాలి. రాణి ఉండి మొదటివాడు పందెం కాస్తే మూడింట ఒకసారి షో అడగాలి. మొదటివాడికి జాకీతో ఎంత బ్లఫ్ కొట్టాలన్నదాంట్లో కొంత స్వేచ్ఛ ఉంది, మూడో వంతు దాటకుండా ఎంతైనా కొట్టవచ్చు. కాకపోతే రాజుతో కాసే పందేలు దానికి సరిగ్గా మూడింతలు ఉండాలి. ఇద్దరూ తప్పు లేకుండా ఆడితే మొదటివాడికి ఆటకి రూపాయిలో పద్దెనిమిదో వంతు నష్టం. ముందు మాట్లాడటమే ఆ నష్టానికి కారణం. రెండోవాడు ఇతనేం చేశాడో చూసి ఆడతాడు. పోకర్ ఆటగాళ్లు చివర మాట్లాడే కుర్చీ కోసం ఎందుకు పడిచస్తారో మూడు ముక్కల్లో తేలిపోయింది.

కూన్ వ్యాసం అచ్చయిన సంపుటంలోనే జాన్ నాష్, లాయిడ్ షాప్లీ కలిసి ముగ్గురు ఆడే పోకర్‌ని విప్పారు. నాష్ డాక్టరేట్ పరిశోధనలో కూడా పోకర్ ఉదాహరణగా వచ్చింది. ఆ పనికే 1994లో నోబెల్ దక్కింది.

వీళ్ల కాగితాలు పోకర్ ఆడేవాళ్ల దాకా చేరడానికి చాలా కాలం పట్టింది. ఆడేవాళ్ల దారి వేరు. టెక్సాస్‌లో డోయల్ బ్రన్సన్ అనే బాస్కెట్‌బాల్ కుర్రాడు కాలు విరిగి ఆట మానుకుని, పోకర్ బల్లల వెంట ఊరూరా తిరిగాడు. 1976, 1977ల్లో లాస్ వేగస్ ప్రపంచ పోటీ వరసగా గెలిచాడు. రెండేళ్లూ చివరి ఆటలో ఆయన చేతిలో ఉన్నది 10, 2. అవి మంచి ముక్కలని ఎవరూ అనరు. 1978లో ఆయన తనతో పాటు మరికొందరు ఆరితేరినవాళ్ల చేత రాయించి ‘సూపర్ సిస్టమ్’ అనే లావుపాటి పుస్తకం తెచ్చాడు. దాని సారం దూకుడు. పందెం కాసినవాడికి గెలిచే దారులు రెండు, ఎదుటివాడు ముక్కలు పడేయడం ఒకటి, షోలో నెగ్గడం రెండోది. ఊరికే వెంబడించేవాడికి ఉన్నది ఒకటే దారి. నాయ్‌మన్ పేరెత్తకుండానే వీళ్లు అనుభవంతో అదే గట్టుకి చేరుకుంటున్నారు.

ఆ పుస్తకంలో ఒక భాగం రాసిన డేవిడ్ స్క్లాన్‌స్కీ 1987లో ‘థియరీ ఆఫ్ పోకర్’ రాశాడు. బల్ల దగ్గర కూర్చున్నవాడు నోటిలెక్కగా వాడుకునే భాష ఆయన ఇచ్చాడు. ఒక్క ఉదాహరణ. మీకు ఇస్పేట్లు నాలుగు ఉన్నాయి, ఐదోది వస్తే గెలుపు ఖాయం. ఇంకా ఒక్క ముక్కే రావాలి. మీకు కనిపించని ముక్కలు 46, వాటిలో ఇస్పేట్లు 9. మధ్యలో వంద ఉంది, ఎదుటివాడు ఇంకో వంద కాశాడు. వంద పెట్టి రెండు వందల కోసం ఆడటమన్నమాట. అలా ఆడాలంటే మూడింట ఒకసారైనా గెలవాలి. ఇస్పేటు వచ్చేది ఐదింట ఒకసారి. తర్వాత ఇంకే పందెమూ లేదనుకుంటే, ఇలా వెంబడించిన ప్రతిసారీ సగటున నలభై రూపాయల పైచిలుకు పారేసుకున్నట్టే. కాబట్టి ముక్కలు పడేయాలి.

పడేశాక ఆ ఇస్పేటు వస్తుంది! పోకర్‌లో కష్టం ఇక్కడ మొదలవుతుంది. లెక్క రెండు రోజుల్లో వస్తుంది, ఇస్పేటు వచ్చినప్పుడు లోపల లేచే ‘అయ్యో’ని ఆపుకోవడం ఏళ్లు గడిచినా రాదు. ఆ ‘అయ్యో’ తర్వాతి ఆటలో పనికిమాలిన వెంబడింపుగా మారుతుంది, దాని నష్టం ఇంకో రెండు ఆటల్ని తినేస్తుంది. దీన్ని ఆటగాళ్లు టిల్ట్ అంటారు. ఫలితాన్ని చూసి నిర్ణయాన్ని తిట్టుకోవడం దాని మూలం. సరిగ్గా ఆడి ఓడిన ఆటనీ, తప్పుగా ఆడి గెలిచిన ఆటనీ వేరుగా రాసుకునే అలవాటున్నవాళ్లే ఎక్కువ కాలం నిలబడ్డారు.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన మలుపు ఆ ‘అయ్యో’ దగ్గరే ఉంది.

కెనడాలో ఆల్బర్టా విశ్వవిద్యాలయంలో 1990ల నుంచి ఒక బృందం కంప్యూటర్‌కి పోకర్ నేర్పాలని చూస్తూ వచ్చింది. అందులో డార్స్ బిల్లింగ్స్ అంతకుముందు పోకర్ ఆడి బతికిన మనిషి. తెలివైన ఆటగాడి నియమాలన్నీ యంత్రానికి ఎక్కిస్తే నాలుగు రోజులు ఆడేది, తర్వాత మనుషులు దాని గుట్టు పట్టేసేవాళ్లు. 2007లో మార్టిన్ జింకెవిచ్, మైకేల్ బౌలింగ్, వాళ్ల సహచరులు వేరే దారి పట్టారు. యంత్రానికి ఏ నియమమూ చెప్పరు. అది తనతో తానే ఆడుకుంటుంది, మొదట్లో గుడ్డిగా. ప్రతి ఆట తర్వాత ప్రతి మలుపు దగ్గరా ఒక ప్రశ్న వేసుకుంటుంది. ఇక్కడ నేను వేరేలా చేసి ఉంటే ఎంత ఎక్కువ వచ్చేది? ఆ తేడాని ఆ ఎత్తు ఖాతాలో వేస్తుంది. ఏ ఎత్తు ఖాతాలో ఎంత పశ్చాత్తాపం పేరుకుంటే, తర్వాతి ఆటల్లో ఆ ఎత్తుని ఆ పాళ్లలో వాడుతుంది. కోట్ల కోట్ల ఆటలు ఇలా ఆడితే, దాని సగటు ఆట నాయ్‌మన్ ఉందని చెప్పిన ఆ కాపుదల పద్ధతికి దగ్గరవుతూ పోతుంది. ఆ పరిశోధనపత్రం పేరులోనే పశ్చాత్తాపం అనే మాట ఉంది. మనుషుల్ని ముంచే ‘అయ్యో’ అక్కడ చదువు చెప్పే పంతులైంది, ఒక్క తేడాతో. యంత్రం దాన్ని ఖాతాలో రాసుకుంటుంది గానీ గుండెలో పెట్టుకోదు.

ఫిన్లండ్ ప్రోగ్రామర్ ఆస్కరి తమ్మెలిన్ ఈ పద్ధతికి వేగం తెచ్చాక, 2015 జనవరిలో ఆల్బర్టా బృందం ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. ఇద్దరు ఆడే, పందేనికి హద్దు ఉన్న టెక్సాస్ హోల్డెమ్ అనే పోకర్‌ని దాదాపు పూర్తిగా ఛేదించామని. 4,800 ప్రాసెసర్లు 68 రోజులకు పైగా నడిచాయి. ఆ ప్రోగ్రాం పేరు సెఫియస్. దానితో గంటకి 200 ఆటల చొప్పున, రోజుకి 12 గంటలు, ఒక్క రోజు మానకుండా 70 ఏళ్లు ఆడినా, దానిలో మిగిలిన లోపాన్ని అదృష్టం నుంచి వేరు చేసి నమ్మకంగా చూపలేం. బ్లఫ్ కొట్టమని దానికి ఎవరూ చెప్పలేదు. తనంతట తనే నేర్చుకుంది.

హద్దు లేని పందేల ఆట ఇంకా మిగిలింది. 2017 జనవరిలో పిట్స్‌బర్గ్‌లోని ఒక కాసినోలో కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చెందిన టువోమస్ సాండ్‌హోమ్, నోమ్ బ్రౌన్ తయారుచేసిన లిబ్రాటస్ నలుగురు ఆరితేరిన ఆటగాళ్లతో ఇరవై రోజులు ఆడింది, మొత్తం 1,20,000 ఆటలు. రోజూ రాత్రి ఆ నలుగురూ కూర్చుని యంత్రంలో కన్నాలు వెతికేవారు. అదే రాత్రి యంత్రం కూడా వాళ్లు ఏ కన్నంలోంచి దూరుతున్నారో చూసి పూడ్చుకునేది. చివరికి 17 లక్షల డాలర్లకు పైగా విలువైన చిప్స్‌తో నెగ్గింది. మధ్యలో ఉన్న మొత్తానికి ఎన్నో రెట్ల పందేలు కాయడం దాని వింత అలవాటు. అంత పందెం బలమైన ముక్కలతోనూ కాసేది, చెత్త ముక్కలతోనూ కాసేది. మళ్లీ అవే రెండు కొసల మెట్లు.

ఇప్పుడు గట్టిగా ఆడేవాళ్లు ఇలాంటి ప్రోగ్రాముల ముందు కూర్చుని చదువుకుంటున్నారు. అందులో నన్ను కదిలించేది వాళ్ల వినయం. మూడింట ఒకసారి బ్లఫ్ కొట్టాలని తెలుసు, కానీ ఏ ఒకసారి? మనసుని అడిగితే అది భయపడినప్పుడు ఊరుకోమంటుంది, కోపమొచ్చినప్పుడు కొట్టమంటుంది, ఆ వరస ఎదుటివాడికి దొరికిపోతుంది. అందుకని 1995 ప్రపంచ పోటీ విజేత డాన్ హారింగ్టన్ తన పుస్తకంలో చేతి గడియారం సెకండ్ల ముల్లు చూడమన్నాడు. ముల్లు మొదటి ఇరవై సెకండ్లలో ఉంటే కొట్టు, లేకపోతే ఊరుకో. సరి–బేసి ఆటలో చూడకుండా గింజలు తీసే పిల్లాడి ఉపాయమే ఇది.

ఒక మాట చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఈ లెక్కలన్నిటిలో ఒకరి లాభం మరొకరి నష్టం. బల్ల నడిపేవాడు ప్రతి ఆటలోనూ తన వాటా తీసేసుకుంటే, సమానంగా ఆడే ఇద్దరూ మెల్లగా ఓడిపోతారు. సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు కేసులో సుప్రీంకోర్టు 1967లో రమ్మీ ప్రధానంగా నైపుణ్యం మీద ఆధారపడిన ఆట అంది, మూడు ముక్కలాటని మాత్రం పూర్తిగా అదృష్టం వైపు వేసింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ ఆటల అప్పుల్లో కూలిన ఇళ్లని నేను చూశాను. నిషేధం విన్న రోజు నాకు ఊరటే కలిగింది. నాయ్‌మన్ లెక్క నేర్చుకోవడానికి చింతగింజలు చాలు.

2019లో బ్రౌన్, సాండ్‌హోమ్ ఆరుగురు కూర్చునే బల్లకి ప్లూరిబస్ అనే యంత్రాన్ని తెచ్చారు. దాని మీద జరిగిన పరీక్షల్లో ఒకదాంట్లో మనిషి ఒక్కడే, మిగతా ఐదు కుర్చీల్లోనూ అదే యంత్రం ప్రతులు. అలా ఆడినవాళ్లలో ఒకరు 2000 ప్రపంచ పోటీ విజేత క్రిస్ ఫెర్గూసన్. ఆయన తండ్రి థామస్ ఫెర్గూసన్ లాస్ ఏంజెలెస్‌లో గణిత ఆచార్యుడిగా పనిచేశాడు. తండ్రీకొడుకులు కలిసి ఒకప్పుడు బొరెల్, నాయ్‌మన్‌ల పోకర్ నమూనాల మీద పరిశోధనపత్రం రాశారు. పైన నేను చెప్పిన తొమ్మిది మెట్ల లెక్క వాళ్లు ఇచ్చిన సూత్రంలో అంకెలు వేస్తే వచ్చేదే. ఆ కొడుకు ఐదు ప్లూరిబస్‌ల ఎదుట కూర్చుని 5,000 ఆటలు ఆడాడు. ఓడిపోయాడు. అదే పరీక్షకి కూర్చున్న రెండో ఆటగాడి కన్నా తక్కువ తేడాతో.